దీవి చెరిపేస్తే నా కొబ్బరిచెట్లు ఏమైనట్టు?

సంపాదకులకు,
నమస్కారం.

వేసవి సెలవుల్లో పిల్లల కాలక్షేపం గురించి మీ ఆదివారం అనుబంధంలో వేసిన వ్యాసం చదివాను. నరుక్కోవడాలు, కాల్చుకోవడాలు లేని ‘ప్రశాంతమైన’ వీడియో గేములంటూ నాలుగైదు పేర్లిచ్చారు. అందులో యానిమల్ క్రాసింగ్: న్యూ హొరైజన్స్ దగ్గర రెండు మాటలు రాశారు. దీవి మొత్తాన్ని మనకి నచ్చినట్టు మార్చుకోవచ్చు అన్నది ఒకటి. గెలుపూ ఓటమీ లేవు కాబట్టి పిల్లలకి టెన్షన్ ఉండదు అన్నది రెండోది. మొదటిది తప్పు. రెండోది ఆ తప్పులోంచి పుట్టిన తప్పు. ఎలాగో చెప్పడానికి కాస్త చోటు కావాలి, ఉత్తరం పొడుగైతే మన్నించండి. కత్తిరించాల్సి వస్తే కొబ్బరిచెట్ల సంగతి మాత్రం తీసేయకండి.

నేను సర్వే శాఖలో 34 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. కొలత గొలుసు లాగడం దగ్గర మొదలుపెట్టి జీపీఎస్ యంత్రాలు చూసేదాకా ఉన్నాను. వీడియో గేముల గురించి ఈయనకేం తెలుసు అనుకుంటారేమో. ఆ దీవిలో నాకు ఇల్లుండేది. ఉండేది అంటున్నాను, గమనించండి.

తణుకులో మాది రెండు వాటాల ఇల్లు. కింద నేనూ మా ఆవిడా, పైన అమ్మాయి, అల్లుడు, మనవరాలు. 2022 వేసవిలో సింగపూర్ నుంచి వచ్చిన మా మేనల్లుడు పిల్లకి నింటెండో స్విచ్ అనే ఆటల యంత్రం తెచ్చిచ్చాడు. అప్పుడది ఆరో తరగతి పూర్తిచేసింది. ఆ యంత్రంతో పాటు వచ్చిందే ఈ ఆట. 2020 మార్చి 20న విడుదలైందట, అంటే లోకమంతా తలుపులు వేసుక్కూర్చున్న రోజుల్లో. ఒక ఖాళీ దీవిలో గుడారం వేసుకోవాలి. టామ్ నూక్ అనే వ్యాపారి ఇల్లు కట్టిస్తాడు, మనం అప్పు తీర్చాలి. మొదటి ఇంటికి 98,000 బెల్స్, అంటే వాళ్ల డబ్బు. వడ్డీ లేదు, వాయిదా లేదు, నోటీసు రాదు. ఉన్నప్పుడు కడితే చాలు. ఈ ఇంటి లోను కోసం 15 ఏళ్లు జీతంలో కోత పెట్టించుకున్న నాకు ఆట మీద గౌరవం అక్కడే పుట్టింది.

ఒక యంత్రానికి ఒకే దీవి. ఇంట్లో ఎంతమంది ఆడినా అందరూ ఆ దీవిలోనే ఉండాలి. మొదట అడుగుపెట్టినవాళ్లే పెద్ద. వంతెన ఎక్కడ కట్టాలి, కొట్టు ఎక్కడ పెట్టాలి అని చెప్పే హక్కు వాళ్లకే. తర్వాత వచ్చినవాళ్లు ఊళ్లో ఇల్లుండి ఓటు లేనివాళ్లలాంటి వాళ్లు. మా మనవరాలు పెద్ద, నేను ఆ రెండో రకం. దీవికి అది పెట్టిన పేరు పాలవెల్లి. ఇంగ్లిష్‌లో రాస్తే తొమ్మిది అక్షరాలు. పదికి మించితే పట్టదట, అందుకని ముందనుకున్న పేరు మానేసింది.

దీవిని ఆటగాళ్లు గళ్లుగా లెక్కపెడతారు. పదహారు గళ్ల పొడవు, పదహారు గళ్ల వెడల్పు ఉన్న ముక్కని వాళ్లు ఎకరం అంటారు. అడ్డంగా ఏడు, నిలువుగా ఆరు, మొత్తం 42 ఎకరాలు. మా లెక్కలో ఎకరమంటే పది చదరపు గొలుసులు, వంద సెంట్లు. వాళ్ల ఎకరం కొద్ది ఇళ్లతోనే నిండిపోతుంది. అయినా ఎకరం అన్న మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మా ఆవిడ అప్పుడే అంది, “రిటైరయ్యారని సంతోషించాను, మళ్లీ డ్యూటీలో చేరారు” అని.

ఆ ఆటలో కొబ్బరిచెట్టు ఇసుకలో తప్ప బతకదు. చెట్టుకీ చెట్టుకీ మధ్య ఒక గడి వదలాలి, లేకపోతే ఎదగదు. నేను దక్షిణపు ఒడ్డున 14 చెట్లు వరసగా వేశాను. మూడు రోజులకోసారి చెట్టుకి రెండు కాయలు. తెల్లదోమ లేదు, ఎర్రనల్లి లేదు, దింపుకూలి లేదు, కోతుల బెడద లేదు. కొబ్బరి సాగు చేసిన ఏ రైతుకైనా అది స్వర్గం. మా ఆవిడ నా బొమ్మతోనే చేపలు పట్టేది. ఆ సముద్రంలో మాటిమాటికీ సీ బాస్ అనే చేప పడుతుంది. ఆడేవాళ్లందరికీ ఆ చేపంటే విసుగు, మళ్లీ ఇదేనా అని. మా ఆవిడకి సీ బాస్ అంటే పండుగప్ప అని ఎవరో చెప్పారు. ఇక పడ్డ ప్రతిసారీ “పండుగప్ప పడిందండీ” అని వంటింట్లోకి వినబడేలా అరిచేది. అది అమ్మితే 400 బెల్స్ వస్తాయి. ఆవిడ అమ్మనిచ్చేది కాదు.

ఇక ఇరుగుపొరుగు. ఆ దీవిలో మనతో పాటు జంతువులు ఉంటాయి, పదిమందికి మించవు. మొదట వచ్చిన ఇద్దరిలో ఒకతె హేజెల్ అనే ఉడుత. రెండు కనుబొమలూ కలిసిపోయి ఒక్కటే గీతలా ఉంటాయి. మా పెద్దక్క కనుబొమలు అచ్చం అలాగే ఉండేవి. దారిలో కనబడితే పలకరించేది, ఒంట్లో బాలేదంటే మందు తెచ్చిస్తే సంబరపడేది. మా మనవరాలికి మాత్రం ఆ ఉడుత నచ్చలేదు. దాని స్నేహితురాళ్ల దీవుల్లో రంగు కళ్ల పిల్లులు, నీలం మేకలు ఉన్నాయట. ఇది “అందంగా లేదు తాతయ్యా, పంపించేద్దాం” అంది. నేను ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడానికి నాకు అధికారం లేదనుకోండి.

అసలు సంగతి ఇక్కడ మొదలవుతుంది. దీవి ఎంత బాగుందో ఆట వేసే మార్కు మూడు నక్షత్రాలకి వచ్చాక కేకే స్లైడర్ అనే కుక్క గిటారు పట్టుకొచ్చి కచేరీ చేస్తుంది. ఆ సాయంత్రం మా ఇంట్లో అందరం మంచమెక్కి కూర్చుని చూశాం. కచేరీ అయ్యాక ఒక కొత్త పనిముట్టు ఇస్తారు. దాంతో బాటలు వేయొచ్చు. తర్వాత మైళ్లు అనే పాయింట్లు ఒక్కోదానికి ఆరు వేలు కడితే నది మళ్లించడానికి, కొండ తవ్వడానికి కూడా పర్మిట్లు దొరుకుతాయి. మ్యూజియాన్ని అయినా 50,000 బెల్స్‌కి పక్క ఎకరంలోకి జరపొచ్చు.

కానీ కొన్ని జరగవు. విమానాశ్రయం మొదట ఎక్కడ ఉంటే అక్కడే. రెసిడెంట్ సర్వీసెస్ అనే భవనం, మన గ్రామ సచివాలయం అనుకోండి, అదీ అక్కడే. నది సముద్రంలో కలిసే రెండు చోట్లూ అక్కడే. ఒడ్డున ఇసుక, రాళ్లు కూడా అంతే. మీ వ్యాసంలో తప్పు అన్నది ఇదే. మూడు ఊళ్ల పొలిమేరలు కలిసేచోట పాతిన రాయి లాంటివవి. ఆ రాయి జరపడానికి మాకు అధికారం లేదు. చుట్టూ ఎన్ని సర్వే నంబర్లు విడిపోయినా, ఎన్ని చేతులు మారినా అది కదలదు.

మా పాలవెల్లిలో విమానాశ్రయం ద్వారానికీ సచివాలయం ద్వారానికీ వరస కుదరలేదు. మూడు గళ్ల తేడా. కచేరీ ముందు నాలుగు నెలలు ఎవరికీ ఆ సంగతి పట్టలేదు, మా మనవరాలికి అసలే పట్టలేదు. పనిముట్టు చేతికొచ్చిన వారానికి పట్టింది. విమానం దిగగానే తిన్నగా ఒక రాచబాట, దాని చివర భవనం, అటూ ఇటూ సమానంగా పూలు. ఫోనులో చూసిన ఫొటోలన్నీ అలా ఉన్నాయి. నదిని మళ్లించింది, కొండని తొలిచింది, రెండు వంతెనలు పడగొట్టి మళ్లీ కట్టింది. ఆ మూడు గళ్లు మాత్రం పోలేదు. ఏదీ మార్చడానికి వీల్లేనప్పుడు ఆ పిల్ల హాయిగా ఆడుకుంది. దాదాపు అన్నీ మార్చుకోవచ్చు అన్నాక, మారని ఆ నాలుగూ కంట్లో నలుసులైపోయాయి. నా మూడున్నరేళ్ల పరిశీలనంతా కలిపి ఈ ఒక్క ముక్కే.

అక్టోబరులో ఒక సాయంత్రం నేను నడక నుంచి వచ్చేసరికి “తాతయ్యా, కొత్త దీవి!” అని యంత్రం చేతికిచ్చింది. తెరమీద గుడారాలు, కలుపుమొక్కలు. పాత దీవి ఏదమ్మా అంటే తీసేశానంది. సెట్టింగుల్లోకి వెళ్లి, సరేనా అని అడిగితే సరే అని నొక్కడమే. అది తీసేస్తే దానిదొక్కటే పోదు, నా ఇల్లూ పోతుందని దానికి తెలుసు. తెలిసినా తట్టలేదు. నా కొబ్బరిచెట్లు ఏమయ్యాయి అన్నాను. “మళ్లీ వేసుకోవచ్చు తాతయ్యా, ఐదు నిమిషాల పని” అంది. హేజెల్? “అది ఎలాగూ...” అని ఆగింది. మా ఆవిడ వచ్చి మ్యూజియంలో తన పండుగప్పా, మిగతా చేపలూ కూడా పోయాయా అని అడిగింది. పోయాయి.

ఆ రాత్రి నేను సరిగా అన్నం తినలేదు. 68 ఏళ్లవాడు తెరమీది కొబ్బరిచెట్ల కోసం అలగడమేమిటని మీ పాఠకులు నవ్వుకోవచ్చు. నవ్వుకోనివ్వండి. గోదావరి ఒడ్డున నేను నిజంగా పెట్టిన చెట్లలో సగం తుపాను తీసుకుపోయింది. అప్పుడు ఇంత బాధ కలగలేదు, ఎందుకంటే ఎవరూ కావాలని తీయలేదు.

రెండో దీవిలో నది తప్పు దిక్కున కలిసింది. మూడోదాంట్లో విమానాశ్రయం నారింజ రంగు. ఆ రంగు నాలుగింటిలో ఒకటి వాళ్లిచ్చిందే తీసుకోవాలి, పిల్లకి నీలం కావాలి. తర్వాత్తర్వాత అసలు దిగకుండానే వెనక్కి తిప్పడం మొదలుపెట్టింది. మొదట్లో ఒక కౌంటరు దగ్గర నిలబెట్టి పేరు, పుట్టినరోజు అడిగి, నాలుగు పటాలు చూపించి ఒకటి ఎంచుకోమంటారు. నాలుగూ నచ్చకపోతే ఆపేసి మళ్లీ మొదలు. ఒక ఆదివారం సాయంత్రం నేను పక్కన కూర్చుని లెక్కపెట్టాను. మా మనవరాలు 23 సార్లు పుట్టినరోజు చెప్పింది. గడపలోనే సరిపోయింది, ఇంట్లోకి అడుగు పడలేదు. ఇది గెలుపోటములు లేని ఆట, ఎవరూ తరుముకు రావడం లేదు. ఆ పిల్ల మొహం చూస్తే మాత్రం లెక్కల పరీక్షలో ఆఖరి పది నిమిషాల్లో ఉన్నట్టుంది.

పిల్లల్ని అనేముందు పెద్దల్ని చూడాలి. మా వీధిలో ఒకాయన వాస్తు కోసం మెట్లు మూడుసార్లు పడగొట్టించాడు. ఈశాన్యం అరడుగు తగ్గిందని ఒకసారి, పెరిగిందని ఒకసారి. మూడోసారి ఎందుకో ఆయనకే గుర్తులేదు. మధ్యలో అద్దెకున్నవాళ్లు సంవత్సరంన్నర పాటు నిచ్చెన మీద మేడెక్కారు. టేపు పట్టుకుని కొలవడానికి నన్నే పిలిచేవాడు, కాఫీ బాగుండేది. ఇక రీసర్వే సంగతి ఎత్తను, దానికి వేరే ఉత్తరం కావాలి.

మా అల్లుడు బ్యాంకులో పనిచేస్తాడు, నెమ్మదస్తుడు. అతను ఫోనులో స్టార్‌డ్యూ వ్యాలీ అనే వ్యవసాయం ఆట ఆడతాడు. తాత పొలం వదిలిపోతే మనవడు సాగుచేసుకునే కథ. ఏడాదికి నాలుగు రుతువులు, ఒక్కోటి 28 రోజులు. వసంతంలో 13వ తేదీన గుడ్ల పండగ జరుగుతుంది, అక్కడ స్ట్రాబెర్రీ విత్తనాలు అమ్ముతారు. ఆ రోజుకి చేతిలో డబ్బు సరిపడా లేకపోతే అల్లుడు ఆ పొలం వదిలేసి కొత్త పొలం మొదలుపెడతాడు. ఇప్పటికి ఏడు పొలాలు. ఒక్కదాంట్లో కూడా ఎండాకాలం చూడలేదు. ఆ ఆటలో పర్‌ఫెక్షన్ అని నూటికి ఎంత అయిందో చూపించే లెక్క కూడా ఉందట, అది ఎక్కడో చివర్లో. వసంతం దాటని రైతుకి దాంతో ఏం పని?

ఆ ఆటలో నాకు నచ్చిన విషయం ఒకటుంది. మూడో ఏడు మొదట్లో చనిపోయిన తాత వచ్చి పొలం చూసి, ఎంత బాగా చేశావో దాన్నిబట్టి దీపాలు వెలిగిస్తాడు, నాలుగు దాకా. తక్కువ వెలిగాయని బాధపడక్కర్లేదు. ఆయన గుడి దగ్గర ఒక వజ్రం పెడితే మళ్లీ వచ్చి చూస్తాడు. పొలం అదే, పైరు అదే, మార్కులు మాత్రం మళ్లీ వేస్తాడు. తాతలంటే అలా ఉండాలి. నేను అలా లేను, ఆ సంగతి కిందకి వస్తుంది.

అల్లుడు నాతో వాదిస్తూ ఒక మాటన్నాడు. ఈ ఆటని ఎరిక్ బరోన్ అనే అమెరికన్ ఒక్కడే నాలుగేళ్లకి పైగా కూర్చుని చేశాడు, బొమ్మలు, సంగీతం, కోడ్ అన్నీ తనే. 2016 ఫిబ్రవరిలో వచ్చింది. గీసిన బొమ్మలే మళ్లీమళ్లీ గీశాడట. “చూశారా మావయ్యగారూ, తిరిగి చేయకపోతే మంచిది రాదు” అన్నాడు. నిజమే. కాకపోతే ఆయన బొమ్మ మార్చాడు, ఆట మార్చలేదు. స్ట్రాబెర్రీ విత్తనాలు కొనలేకపోయానని నాలుగేళ్ల పనిని మురుగుకాలవలో పోయలేదు. పెచ్చు ఊడినచోట మళ్లీ పూత పూయడం వేరు, పునాది దాకా తవ్వడం వేరు. అల్లుడు ఊ అన్నాడు. ఎనిమిదో పొలం మొదలుపెట్టాడు.

ఈ ఆటలు చేసినవాళ్ల సంగతులు మనవరాలే చదివి చెప్పేది. యానిమల్ క్రాసింగ్ మూలపురుషుడు కట్సుయా ఎగుచి. చిబా నుంచి నింటెండోలో ఉద్యోగానికి క్యోటో వెళ్లి, అమ్మానాన్నలూ స్నేహితులూ లేక దిగులుపడ్డాడట. ఆ దిగులులోంచే 2001లో జపాన్‌లో మొదటి ఆట పుట్టింది. ఒంటరిగా ఉన్నచోట ఎవరైనా పలకరిస్తే బాగుండునన్నది దాని మూలం. ద్వారాలు వరసలో ఉండాలని ఆయన కోరుకున్నట్టు ఎక్కడా లేదు. ఇక ద సిమ్స్ అనే ఇల్లూ సంసారం ఆట చేసిన విల్ రైట్ ఇల్లు 1991లో అమెరికాలోని ఓక్లండ్ కొండల్లో చెలరేగిన మంటల్లో కాలిపోయింది. మళ్లీ ఒక్కొక్క సామానూ సమకూర్చుకుంటున్నప్పుడు వచ్చిన ఆలోచన 2000లో ఆటయింది. ఆయన మొదటినుంచి మొదలుపెట్టాల్సి వచ్చినవాడు. మావాళ్లు సరదాగా అగ్గిపుల్ల గీసుకునేవాళ్లు.

నాలుగో దీవి కూడా తీసేస్తానన్నప్పుడు నాకు కోపం ఆగలేదు. కాస్త గట్టిగానే కేకలేశాను. సర్వే రికార్డులో తుడపడమన్నది లేదని చెప్పాను. రబ్బరు, బ్లేడు, తెల్లరంగు ఏదీ వాడకూడదు. తప్పు పడితే ఒక్క గీతతో కొట్టాలి, కింది అంకె కనబడాలి, పక్కన ఇనీషియల్ వేయాలి. 112వ నంబరు రెండు ముక్కలైతే 112/1, 112/2 అవుతుంది, ముత్తాత పేరులా ఆ 112 అందులో ఉంటూనే ఉంటుంది. 34 ఏళ్లు నేను అలా పనిచేశాను అని చెప్పాను.

మా అమ్మాయి బట్టలు మడతపెడుతూ వింటోంది. తల ఎత్తకుండానే అంది, “ఆఫీసులో నాన్నా.”

ఏమిటన్నాను. నాలుగో తరగతిలో దాని సోషల్ నోట్సు సంగతి గుర్తుచేసింది. భారతదేశం పటం గీసి నదులు పెడుతుంటే గోదావరి దగ్గర సిరా అలుక్కుపోయింది. నేను పక్కన కూర్చుని ఉన్నాను. పటం గీయడమన్నది మా ఇంట్లో కులవృత్తి కదా. ఆ కాగితం చింపేసి మళ్లీ గీయమన్నాను. పిన్నుకొట్టిన నోట్సులో ఒక కాగితం చింపితే అవతల దాని జత కాగితం కూడా ఊడొస్తుంది, మీకూ తెలిసే ఉంటుంది. ఆ ఊడిన కాగితం మీద టీచరుగారు ‘వెరీ గుడ్’ అని రాసి ఎర్ర సిరాతో నక్షత్రం వేశారట. నోట్సు మొత్తంలో అదొక్కటే నక్షత్రం. నాకు ఆ సంగతి అసలు తెలియదు. దానికి దాదాపు ముప్ఫై ఏళ్లయినా టీచరు వేసిన నక్షత్రానికి ఐదు కొనలా ఆరా అన్నది కూడా గుర్తుంది. ఆరట.

“రెండోసారి గీసిన పటం బాగా వచ్చిందా?” అని మనవరాలు అడిగింది. “వచ్చింది, నీట్‌గా వచ్చింది” అంది వాళ్లమ్మ. మళ్లీ బట్టలు మడతపెట్టుకుంది. నేను కిందకి వచ్చేశాను.

మర్నాడు గ్రాఫు కాగితాలు తెచ్చి అతికించి నాలుగో దీవిని కొలిచి గీశాను, అడ్డం 112 గళ్లు, నిలువు 96. మా పద్ధతిలో ఆధారగీత వేసి అటూ ఇటూ ఆఫ్‌సెట్లు, అంటే అడ్డకొలతలు, తీసుకున్నాను. ఈసారి ద్వారాల తేడా రెండు గళ్లే. రోడ్డు విమానాశ్రయం దగ్గర బయల్దేరి, పెద్ద చెట్టు దగ్గర కొద్దిగా ఎడమకి ఒరిగి భవనం చేరేలా పెట్టాను. ఏ ఊరి రోడ్డు తిన్నగా ఉంటుంది? నుయ్యి దగ్గర వంగుతుంది, రావిచెట్టు దగ్గర తప్పుకుంటుంది. పిల్ల చాలాసేపు చూసి “మన ఊరి రోడ్డులా ఉంది” అంది. మెచ్చుకోలు కాదది, తణుకు రోడ్లు మీకు తెలిస్తే అర్థమవుతుంది. నా ప్లాను వాడలేదు.

అయినా ఆ దీవి బతికిపోయింది. నా వల్ల అనుకుంటే పొరపాటు. హైదరాబాద్ నుంచి దాని స్నేహితురాలు సెలవులకి వస్తూ తన స్విచ్ కూడా తెచ్చుకుంది. ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని ఒకరి దీవికి ఒకరు వెళ్లొచ్చారు. ఆ పిల్ల తన దీవి నుంచి చెర్రీలు తెచ్చి మా మనవరాలికిచ్చింది. మన దీవిలో పుట్టని పండు అలా ఎవరైనా తెస్తే ముచ్చట. పాతిపెడితే చెట్లయ్యాయి, ఐదు. తర్వాత ఆ పిల్ల నాన్నకి పుణె బదిలీ అయింది. దీవి తీసేస్తావా అని నేను మళ్లీ అడిగితే “అది వేసిన చెట్లున్నాయి కదా తాతయ్యా” అంది. అంతే. రెండు గళ్ల తేడా ఉన్నచోట ఆ చెర్రీచెట్లలో రెండింటిని తవ్వి తెచ్చి నాటింది. రోడ్డు వాటి చుట్టూ తిరుగుతుంది. నా ప్లానుకి కొంచెం దగ్గరగానే ఉందని నాకనిపిస్తుంది, పైకి అనలేదు.

పదో తరగతి కదా, నిరుడంతా యంత్రం బీరువాలో ఉంది. ఈ ఏప్రిల్‌లో పరీక్షలయ్యాక తీసి చూస్తే, జనవరిలో వచ్చిన ఉచిత అప్‌డేట్ ఒకటి ఎక్కించుకుంది. అందులో రెసెట్టీ అనే జంతువు కొత్త ఉద్యోగంలో చేరాడు. ఆయన కథ విన్నాక ఆయనంటే నాకు సానుభూతి. పందికొక్కుకి దూరపు చుట్టంలా ఉండే మోల్ ఆయన. పాత ఆటల్లో, తప్పు జరిగిందని సేవ్ చేయకుండా యంత్రం ఆపేసి మళ్లీ తెరిస్తే, నేలలోంచి పైకొచ్చి ఎడాపెడా తిట్టేవాడు. వెనక్కి తిప్పడం తప్పని చెప్పడమే ఆయన ఉద్యోగం. 2020 ఆట తనంతట తనే సేవ్ చేసుకోవడంతో ఆయనకి పని పోయింది. ఇప్పుడు దీవిలో ఒక మేర గుర్తుపెట్టి ఇస్తే అక్కడి సామాన్లన్నీ ఎత్తి సర్దిపెట్టే పని ఇచ్చారు. తుడవకూడదని జీవితమంతా గొంతు చించుకున్నవాణ్ణి తుడిచే పనిలో పెట్టారు. మా శాఖలో ఇలాంటి బదిలీలు చూశాను.

నాకు ఆ దీవిలో మళ్లీ గుడారం ఉంది. కొబ్బరిచెట్లు ప్రస్తుతం తొమ్మిది. మా ఆవిడ మ్యూజియంలోకి పండుగప్పని మళ్లీ ఇచ్చింది. హేజెల్ ఈ దీవిలోకి రాలేదు. మా మనవరాలు ఈమధ్య టికెట్లు ఖర్చుపెట్టి వేరే దీవులకి వెళ్లొస్తోంది. ఎవరికోసం వెతుకుతున్నావంటే చెప్పదు.

ఇక మీరు చేయాల్సింది. “దీవి మొత్తాన్ని నచ్చినట్టు మార్చుకోవచ్చు” అన్నచోట విమానాశ్రయం, రెసిడెంట్ సర్వీసెస్ భవనం, నది కలిసే చోట్లు, సముద్రపు ఒడ్డు తప్ప అని రెండు లైన్ల సవరణ వేయండి. పాత సంచిక ఎవరి దగ్గరా వెనక్కి తీసుకోనక్కర్లేదు, నా దగ్గరున్న కాపీలో నేను దిద్దుకుని ఇనీషియల్ వేసుకున్నాను.

పేరు ప్రచురించవద్దు. మా మనవరాలి స్కూల్లో అందరూ మీ పత్రికే చదువుతారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సర్వేయరు,
తణుకు.

ఈ ఉత్తరంలో కొట్టివేతలు 11, పైన చేర్చినవి 4. అన్నిటి పక్కనా ఇనీషియల్ ఉంది. మూడో కాగితం మీది మరక కాఫీది.